ఆఖరు ఫారం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, డిటెక్టివ్ నవలల మీద అంతకన్నా లేదు. అయినా దబీర్‌పురాలో మేం కాపురమున్నన్నాళ్లూ మా ఇంట్లో పొయ్యి వేళకు వెలిగిందంటే అందులో సగం పుణ్యం డిటెక్టివ్ నవలలదే. మా ఆయన రాధాకృష్ణమూర్తి తెనాలి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన సర్కారు గుమాస్తా. నెల మూడో వారానికల్లా ఆయన జీతం నీరసించేది. అందుకని ఇంటి ముందు గది తలుపు సందులోకి తీసి, నాలుగు చెక్క అరలు కొట్టించి, అద్దె పుస్తకాల కొట్టు పెట్టాను. సంసారపక్షం నవలలు నేను చదువుకోవడానికి, డిటెక్టివ్ నవలలు లోకం చదువుకోవడానికి.

ఆ లోకానికి బుద్ధి లేదు. పుస్తకం తీసుకెళ్లినవాడు చివరి పేజీలు చింపుకునేవాడు. లేదంటే మొదటి పేజీలోనే పెన్సిలుతో “హంతకుడు వకీలు” అని రాసి తిరిగిచ్చేవాడు. ముక్కూ మొహం తెలియని తరువాతి పాఠకుడి మీద వాడికేం పగో నాకు అర్థమయ్యేది కాదు. విసిగిపోయి ఒక పద్ధతి పెట్టాను. అచ్చుపనివాళ్లు పదహారు పేజీల మడతను ఫారం అంటారు. కొత్త డిటెక్టివ్ నవల రాగానే దాని ఆఖరు ఫారం ఊడదీసి, దారం కట్టి, మీద పుస్తకం పేరున్న చీటీ అంటించి, బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. మిగతా పుస్తకం ఇంటికి పట్టుకుపోవచ్చు. హంతకుడెవరో తెలియాలంటే మాత్రం మళ్లీ కొట్టుకు రావాలి. గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని, నా కళ్ల ముందే ఆ పేజీలు చదివి, ఫారం నా చేతికిచ్చి వెళ్లాలి. మొదట్లో అందరూ లొల్లి చేశారు. పోనుపోను ఆ బల్ల మీద కూర్చోవడమే వాళ్లకొక వేడుకైంది.

వచ్చినవాళ్లందరూ అడిగేది ఒక్కడినే, డిటెక్టివ్ నీలాంబరాన్ని. సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఎండైనా వానైనా చేతిలో నల్లగొడుగు, మాట తక్కువ. నేను పరికిణీ కట్టుకునే రోజుల్లోనూ ఆయనకు నలభై రెండేళ్లే, నాకు నలభై దాటాక కూడా నలభై రెండేళ్లే. ఆయన్ని రాసేవాళ్లు మారారు, కాగితం ముతకబడింది, బొమ్మలు వేసేవాడు మారి అట్ట మీద ఆయన ముక్కు కూడా మారింది. ఆయన మాత్రం మారలేదు. చదివేవాళ్లు పైకి చదవడం వల్ల ఆ ఆఖరు ఫారాలన్నీ నా చెవిన పడేవి. అన్నీ ఒకేలా మొదలవుతాయి. నీలాంబరం అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక కుర్చీ ఖాళీగా వేయిస్తాడు. అదెవరికని ఎవరో ఒకరు అడుగుతారు. “చనిపోయినవారికి. ఇక్కడ అందరికన్నా ముందు వినవలసింది ఆయనే” అంటాడు. గొడుగు గోడకానించి అప్పుడు మొదలుపెడతాడు. ఆ ఖాళీ కుర్చీ గురించి మా ఆయనతో చెప్పి నేను ఎన్నిసార్లు నవ్వుకున్నానో.

మా సందులో నీలాంబరానికి మొదటి భక్తుడు మొగులయ్య. స్టేషన్ అవతల రైలు గేటు దగ్గర ఉద్యోగం. బండి వస్తుంటే గేటు వేయాలి, పోయాక తీయాలి. పెద్దగా చదువుకోలేదు. వేలు అక్షరాల కింద నడిపిస్తూ, పెదాలు కదిలిస్తూ చదివేవాడు. కొత్త నీలాంబరం వస్తే ముందు అతనికే ఇవ్వాలని మాకొక ఒప్పందం. అరవై తొమ్మిది గొడవల్లో మాది ఆంధ్రోళ్ల కొట్టని ఒక గుంపు మా సందులోకి వచ్చింది. మొగులయ్య కదలకుండా బల్ల మీద కూర్చుని, ఆఖరు ఫారం అయిందాకా ఈ తలుపు ఎవ్వరూ ముట్టొద్దన్నాడు. వాళ్లలో ఇద్దరు మా దగ్గర పుస్తకాలు తీసుకునేవాళ్లే. కాసేపు నిలబడి, హంతకుడెవరో విని వెళ్లిపోయారు. ఆ ఉపకారం నేను మరచిపోలేదు.

అతనిదొక అలవాటు. బల్ల మీద కూర్చుని దారం విప్పేముందు, హంతకుడు ఎవరని తన అనుమానమో నాతో చెప్పేవాడు. ముందురోజే ఇంట్లో భార్య మాణిక్యమ్మకు కథంతా చెప్పి, ఈ మాట కూడా చెప్పి ఉంచేవాడు, తరువాత మాట మార్చానని ఎవరూ అనకుండా. చెప్పాక చదివేవాడు. ఒక్కసారి కూడా, ఒక్కటంటే ఒక్కసారి కూడా అతని మాట నిజం కాలేదు. చివరి పేజీ కాగానే తొడ మీద టప్పున చరిచి, సందంతా వినబడేలా నవ్వేవాడు. గెలిచినవాడు కూడా అంత సంబరపడడు. ఒకసారి ఉండబట్టలేక, ప్రతిసారీ మోసపోతూ ఎందుకయ్యా ఈ చదువు అని అడిగాను.

“గేటు కాడ అందర్ని నేనే ఆపుతనక్కా” అన్నాడు. “లారీలు, టాంగాలు, ఆఖరికి పోలీసు జీపు గూడ. నన్ను ఆపెటోడు గీ నీలాంబరం ఒక్కడే.”

ఒక ఏడు వానలు వెనకబడుతున్న రోజుల్లో రెండు కొత్త నీలాంబరాలు ఒకేసారి వచ్చాయి. ‘నూతిలో గడియారం’ ఒకటి, ‘ముసుగులో మేనమామ’ ఒకటి. ఆదివారం కావడంతో మా ఆయన సాయం పట్టి రెండింటి ఆఖరు ఫారాలూ ఊడదీసి, చీటీలు అంటించి కట్టారు. ‘నూతిలో గడియారం’ మొగులయ్య తీసుకెళ్లాడు. రెండోదాన్ని, దాని కట్టతో సహా, కార్వాన్‌లో నాలాగే కొట్టు నడిపే బాబురావుకు ఇచ్చి, బదులు వేరే పుస్తకాలు తెచ్చుకున్నాం. కొట్లవాళ్లం అప్పుడప్పుడు అలా మార్చుకునేవాళ్లం.

రెండు రోజులకు మొగులయ్య డ్యూటీకి వెళుతూ గుమ్మం దగ్గర ఆగాడు. మొహం కాస్త పీక్కుపోయి ఉంది. ఛాతీలో పట్టేసినట్టుందని, వాన గాలి అనుకుంటానని అన్నాడు. పుస్తకం అయిపోయింది, రేపొచ్చి ఆఖరుది చదువుతానన్నాడు. ఒంట్లో బాగాలేకపోతే ఈ ఒక్కసారికి ఫారం ఇంటికి పట్టుకుపొమ్మన్నాను. వద్దన్నాడు. బల్ల మీద కూర్చుని చదివితేనే మజా అన్నాడు. మర్నాడు పొద్దున్నే మాణిక్యమ్మ ఏడుపు విని సందంతా పరుగెత్తింది. మొగులయ్య చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, పుస్తకం గుండెల మీద బోర్లించి ఉంది. మొహంలో బాధ లేదు. ఎవరో చెప్పబోయే మాట కోసం కాచుకున్నట్టు నోరు కొంచెం తెరిచి ఉంది.

మూడొద్దుల నాడు, అంటే పోయిన మూడో రోజున, పురానాపూల్ వంతెన కింద మూసీ ఒడ్డున పిట్టకు పెట్టారు. అన్నం, కూర, కల్లు, అతను కాల్చే బీడీలు మోదుగాకు విస్తట్లో పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టిందంటే పోయినవాడు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు ఇంటివాళ్లు తలా ఒక మాట ఇస్తారు, అమ్మను చూసుకుంటామని, బాకీ తీరుస్తామని. ఏ మాట దగ్గర కాకి దిగితే అదే ఆ కోరిక. మొగులయ్యకు ఎన్ని మాటలిచ్చినా కాకి దిగలేదు. ఐదొద్దుల నాడూ దిగలేదు. పిల్లాజెల్లా లేని మనిషి, తాగుబోతు కాదు, ఎవరితో తగాదా లేదు. అతనికి మిగిలిన కోరికేమిటో ఎవరికీ తట్టలేదు.

తట్టకపోతే జనం ఊరుకోరు. మొగులయ్య తల్లి సక్కుబాయి మొదట గొణిగింది, తరువాత పైకే అంది. రాత్రి దాకా మంచిగున్న కొడుకు, పెళ్లాం పెట్టిన కూడు తిని పడుకుని లేవలేదని. ఇప్పుడు కూడా అది వండిన కూడు కాబట్టే ముట్టడం లేదని. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, సందు సందంతా ఆ మాటను పొడుచుకు తిన్నది. కులపెద్దలు చెప్పేశారు. పదకొండో రోజు, దినాల నాడు కూడా పిట్ట ముట్టకపోతే మాణిక్యమ్మ ఆ ఇంట్లో ఉండడానికి లేదు, పరిగి దగ్గర తల్లిగారి ఊరికి పోవలసిందే. అక్కడ ఆమెకు ఉన్నది ఒక అన్న, వాడికి ఆమె మొహం గుర్తుందో లేదో.

ఈ లోపల మా కొట్లో ఒక వింత మొదలైంది. మొగులయ్య డ్యూటీ దిగి వచ్చే వేళకు, ఎండ ఇంకా గుమ్మంలో ఉండగానే, బల్ల కిర్రుమనేది. అతను కూర్చుంటే అయ్యే చప్పుడే. వానకు చెక్క ఉబ్బి ఎండకు బిగుస్తోందనుకున్నాను. తరువాత ఒక కాకి రావడం మొదలుపెట్టింది. కిటికీ మీద వాలేది, అరిచేది కాదు. అన్నం మెతుకులు వేశాను, చూడలేదు. అటుకులు వేశాను, తొక్కి నిలబడింది. దాని చూపు ఎక్కడుందా అని నేనూ అటు తిరిగి చూశాను. పై అరలో బిస్కెట్ల డబ్బా ఉంది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు కనుక డబ్బా తీసి కింది అరలో, పుస్తకాల వెనక పెట్టాను. కాకి మెడ వంచి కింది అర వైపు చూసింది. ఆ రోజు కొట్టు పెందరాళే కట్టేశాను.

మర్నాడు మాణిక్యమ్మ వచ్చింది. కొంగులో చుట్టి తెచ్చిన ‘నూతిలో గడియారం’ బల్ల మీద పెట్టింది. పుస్తకం ఎక్కడిదాకా అయిందో గుర్తుకు మొగులయ్య ఒక అగ్గిపుల్ల పెట్టుకునేవాడు. ఆ పుల్ల చివరి పేజీలో ఉంది. చివరి పేజీ అంటే మేం ఊడదీశాక మిగిలిన చివరిది.

“ఆయనకు ఏం బాకీ లేదక్కా” అంది. “గిదొక్కటే. ఆఖరుది ఇనకుంటనే పోయిండు. నువ్వొచ్చి ఆడ సదువుతవా?”

పిచ్చి మాటలనుకున్నాను. కాకికి డిటెక్టివ్ నవల చదివి వినిపించడమేమిటి, తెనాలి వైపు తెలిస్తే నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపరూ. ఆ మాటే అనబోయాను. కానీ ఆమె ఇంకొకటి చెప్పింది. తాను పెట్టిన కూడు ఆయనకు నిజంగానే వద్దేమోనని తనకే అనిపిస్తోందట. అత్త అన్నందుకు ఆమె ఏడవలేదు, ఈ మాట చెప్పేటప్పుడు ఏడ్చింది. కిటికీ వైపు చూడకుండానే వస్తానన్నాను.

వెళ్లి చదవాలంటే కథేమిటో తెలియాలి కదా అని ఆ పుస్తకం తెరిచాను. ఒక జమీందారు సొంత తోటలో చచ్చి పడి ఉంటాడు, ఆయన జేబు గడియారం నూతిలో దొరుకుతుంది. అనుమానితులు నలుగురు: తమ్ముడు, డాక్టరు, వంటమనిషి, ఊరూరా తిరిగి గడియారాలు బాగుచేసేవాడు. ఊరికే తిరగేద్దామని మొదలుపెట్టినదాన్ని, పప్పు మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు. పిలవకముందే వచ్చాడు కాబట్టి డాక్టరే హంతకుడని నాకు గట్టిగా అనిపించింది. ఆఖరు ఫారం విప్పి చూద్దామని చెయ్యి డబ్బా దాకా వెళ్లింది. ముందు వినవలసింది వేరేవాడున్నాడని గుర్తొచ్చి ఆగిపోయాను. నేను నవ్వుకున్న నీలాంబరం మాటే నాకు తగులుకుంది.

దినాల నాడు పొద్దున మూసీ ఒడ్డుకు వెళ్లాం. ఎండ తెల్లగా కాస్తోంది. వంతెన పిట్టగోడ పొడుగునా కాకులు కూర్చుని ఉన్నాయి. అన్ని కాకులు ఒకచోట చేరితే చెవులు పగిలిపోవాలి. ఒక్కటీ అరవడం లేదు. మాణిక్యమ్మ విస్తరి పెట్టి, అన్నం, వేట కూర, కల్లు ముంత, బీడీలు సర్దింది. సక్కుబాయి దూరంగా బండ మీద కూర్చుని కొడుకు విస్తరినే చూస్తోంది. కులపెద్దలు తుండుగుడ్డలు నెత్తిన కప్పుకుని నిలబడ్డారు. ఆంధ్రా ఆమె చేతిలో పుస్తకమేమిటని ఒకాయన అడిగాడు. పురాణమనుకున్నట్టున్నాడు, మాణిక్యమ్మ ఏం చెప్పిందో గాని చేతులు జోడించాడు.

ఎక్కడ ఆపాడో గుర్తుండాలని, పుస్తకంలో మిగిలిన చివరి రెండు పేజీలు ముందు చదివాను. చదువుతూ తలెత్తితే కాకులు పిట్టగోడ దిగి కింద రాళ్ల మీద ఉన్నాయి. ఎగిరిన చప్పుడు లేదు. మళ్లీ కొంచెం చదివి చూశాను, ఇంకొంచెం కిందికొచ్చాయి. ఊపిరి తీసుకోవడానికి ఆగితే అవీ ఆగాయి. పుస్తకం పడేసి ఇంటికి పోదామనిపించింది. పక్కన మాణిక్యమ్మ కూర్చుని ఉంది కాబట్టి పోలేదు.

డబ్బా నుంచి తెచ్చిన కట్ట దారం విప్పాను. నీలాంబరం అందర్నీ హాల్లోకి పిలిచి, ఒక కుర్చీ ఖాళీగా వేయించాడని చదివాను. ఎవరూ చెప్పకుండానే మాణిక్యమ్మ తాను తెచ్చిన గోనెసంచి మడిచి విస్తరి పక్కన నేల మీద పరిచింది. ఏటి గాలి వీస్తోంది. విస్తరి అంచులు కొట్టుకుంటున్నాయి, నా చీర కొంగు కొట్టుకుంటోంది. ఆ గోనె అంచు మాత్రం కదలలేదు, మీద ఎవరో కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. నేను చూపు పేజీకి దించి గబగబా చదివాను. నీలాంబరం గొడుగు గోడకానించాడు. ‘మేనమామ రామదాసు మొహం పాలిపోయింది’ అని చదివాను.

మాణిక్యమ్మ తలెత్తింది.

“అక్కా, గీ రామదాసు ఎవలు? గీ కతల మేనమామ లేడు గద.”

అదే క్షణంలో కాకులన్నీ ఒక్కసారి లేచి తిరిగి పిట్టగోడెక్కాయి. నేను పేజీలు తిప్పి చూశాను. గడియారం లేదు, నుయ్యి లేదు, డాక్టరు లేడు. ‘ముసుగులో మేనమామ’ ఆఖరు ఫారం అది. మా ఆయన రెండు కట్టల మీదా చీటీలు తారుమారు చేశారు. అసలు ఫారం రెండు వారాల కిందటే కార్వాన్ పోయింది. బాబురావు కొట్టుకు తాళం పెట్టి కూతురి కాన్పుకు జహీరాబాద్ వెళ్లాడని నాకు తెలుసు. పోయిన మనిషికి, అందులోనూ జీవితమంతా నా దగ్గరే చదివిన మనిషికి, పరాయి కథ ముగింపు చదివి వినిపించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కానీ ఓటమి ఒప్పుకునే రకాన్ని కాను. నాకు తెలిసిన హంతకుడున్నాడు కదా. పుస్తకం మూసి, కంఠస్థం వచ్చినట్టు మొదలుపెట్టాను. డాక్టరు పిలవకముందే ఎందుకొచ్చాడో, గడియారం నూతిలో ఎందుకు వేశాడో, నీలాంబరం ఎలా పట్టుకున్నాడో చక్కగా కల్పించి చెప్పాను. పెద్దలు కూడా ఆసక్తిగా విన్నారు. కాకులు వినలేదు. తాతకు దగ్గులు నేర్పినట్టుందని నాకే తెలుస్తూ ఉంది.

మొగులయ్య అనుమానం ఎవరి మీదని మాణిక్యమ్మను మెల్లగా అడిగాను. గడియారాలు బాగుచేసేవాడి మీదట. పోయేముందు రాత్రి చెప్పాడట. సరే, బతికుండగా దక్కని గెలుపు ఇప్పుడైనా దక్కనీ అనుకున్నాను. విస్తరి వైపు తిరిగి, మొగులయ్యా, నీ మాటే నిజమైంది, గడియారాలవాడే చంపాడు, ఈసారి నువ్వే గెలిచావు అన్నాను. మంచి మాటేనని నా నమ్మకం. ఒక కాకి పిట్టగోడ దిగి విస్తరికి దగ్గరగా వచ్చింది. మెడ వంచి నన్ను చూసింది. తరువాత వెనక్కి తిరిగి, మాకు తోక చూపించి కూర్చుంది.

సక్కుబాయి బండ మీద నుంచి లేచింది.

“నా కొడుకు దీని చేతి కూడు ముట్టడు. సాలు, లేవుండ్రి.”

పెద్దలు కదిలారు. ఒకాయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. అయిపోయిందనుకున్నాను. మాణిక్యమ్మ మాత్రం లేవలేదు. విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ గోనెసంచి వైపు చూస్తూ ఉంది. ఆమె మొహంలో మొదట కోపం వచ్చింది. భర్త మీద భార్యకు వచ్చే మామూలు కోపం, అన్నం చల్లారిపోతుంటే రానందుకు వచ్చేది.

“ఇగో ఇను” అంది. “గడియారాలాయన కాదు. మళ్ల తప్పే చెప్పినవ్. ఎవలో నాకు తెల్వది, అక్కకు గూడ తెల్వది. నువ్వైతే ఓడినవ్. నీలాంబరం నిన్ను మళ్ల ఆపిండు. ఇగ తిను.”

అప్పుడు టప్పుమని ఒక చప్పుడైంది, అతను తొడ చరిచినట్టే. రెక్కల చప్పుడే అయ్యుంటుంది. తోక చూపించి కూర్చున్న కాకి ఒక్క ఎగురులో వచ్చి విస్తట్లో వాలింది. కల్లు వైపు పోలేదు, వేట కూర వైపు పోలేదు. మాణిక్యమ్మ చేత్తో వండిన తెల్లన్నంలో ముక్కు పెట్టి ఒక ముద్ద తీసుకుంది. దాని వెనక పిట్టగోడంతా కదిలింది. పొద్దుటి నుంచి లేని కావుకావులు ఏరంతా నిండాయి. నేను గోనెసంచి వైపు చూశాను. గాలికి దాని అంచు లేచి పడుతోంది.

మాణిక్యమ్మ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపు విని నాకు భయం వేయలేదు, నేనూ ఏడ్చాను. సక్కుబాయి చాలాసేపు నిలబడే ఉంది. తరువాత వచ్చి, కాళ్లు పట్టేశాయి, నడిపించమని కోడలికి చెయ్యి అందించింది. ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. నేనక్కడ ఉన్నన్నాళ్లూ తిట్టుకుంటూనే ఒకరి పక్కన ఒకరు బియ్యం చెరుగుతూ కనబడేవారు.

చలికాలంలో బాబురావు తిరిగొచ్చాడు. అతని దగ్గర ‘ముసుగులో మేనమామ’ను తప్పుడు ముగింపుతో ముగ్గురు చదివారట, ఒక్కడూ ఫిర్యాదు చేయలేదట. నీలాంబరం కదా, మధ్యలో ఇంకో కేసు కూడా పట్టాడనుకున్నారట. జనం ఆయన్ని నమ్మినట్టు నన్నూ నమ్మి ఉంటే ఈ ఫారాలు చింపే పనే ఉండేది కాదు.

‘నూతిలో గడియారం’ అసలు ఆఖరు ఫారం నా చేతికొచ్చింది. మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేరు. డాక్టరా కాదా తెలుసుకోవాలని నా ప్రాణం లాగేస్తోంది. ఇన్నేళ్లు నేను నవ్విన జబ్బు నాకే అంటుకుంది. దారం ముడి విప్పాను. గుమ్మం పక్కన బల్ల కిర్రుమంది. తలెత్తితే కాకి ఉంది. కిటికీ మీద కాదు, బల్ల మీద, మొగులయ్య కూర్చునే చోట. ముక్కు కొంచెం తెరిచి, నా చేతిలో కాగితాల వైపు చూస్తోంది.

అప్పుడు తట్టింది నాకు. గడియారాలవాడు కాదని మేం అతనికి చెప్పాం, అది విని తృప్తిగా వెళ్లాడు. ఈ పదహారు పేజీల్లో గడియారాలవాడే హంతకుడైతే? జీవితంలో ఒకే ఒక్కసారి అతని మాట నిజమై ఉంటే? చదవొద్దా అని అడిగాను, పైకే అడిగాను. కాకి కదల్లేదు. నేను ఫారం మడిచి, దారం మళ్లీ కట్టి, రెండు ముళ్లు వేసి డబ్బాలో పెట్టి మూత బిగించాను. మూత చప్పుడు విన్నాక అది వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ ఫారం ఇప్పటికీ అలాగే ఉంది. నేను చదవలేదు, ఎవరికీ ఇవ్వలేదు. నా దినాల నాడు విప్పి చదవమని మా ఆయనకు చెప్పి ఉంచాను. పక్కన ఒక పీట ఖాళీగా వేయమన్నాను. చీటీ మీద పేరూ లోపలి కథా ఒకటో కాదో ముందు సరిచూసుకోమన్నాను. డాక్టరే హంతకుడని నా మాట కూడా ఆయనకు చెప్పి ఉంచాను. అది తప్పయితే బాగుండునని ఉంది.